ఏడు రొట్టెలు

మార్చి 2, 1954. మంగళవారం

కర్నూలు రాజధాని అయినప్పటి నుంచి మా నాపబండలకు గిరాకీ పెరిగింది. ఆయన చిట్టా పుస్తకాలు డజను తెప్పించారు. అందులో ఒకటి నేను తీసుకున్నాను, పిండి లెక్క రాసుకోవడానికి.

జొన్నపిండి రోజుకు రెండు శేర్లు పోతోంది. ముగ్గురున్న ఇంటికి ఇది ఎక్కువే. ఆయనకు నాలుగు రొట్టెలు, నాకు మూడు, వేణికి ఏడు. పొద్దున మూడు, సాయంత్రం నాలుగు. మధ్యాహ్నం కొర్రన్నం వేరే. పదహారేళ్ల పిల్ల, తింటే తిననీ అనుకున్నాను.

శనివారం స్టేషను దగ్గర వేసిన డేరా సినిమాకు పోయాం, నేనూ వేణీ. ముఖానికి నల్లగుడ్డ కట్టుకున్న ఒకామె గుర్రం మీద వస్తుంది. పిల్లను ఎత్తుకుపోతున్న దొంగలను అడ్డగించి, ఒకణ్ణి రెండు చేతులతో తల మీదికి ఎత్తి గడ్డివాములోకి విసిరేస్తుంది. డేరా అంతా చప్పట్లు. నేనూ కొట్టాను. ఒళ్లో ఉన్న బొరుగుల పొట్లం కిందపడింది, చూసుకోలేదు.

వేణి కొట్టలేదు. తన చేతులకేసి చూసుకుంటూ కూర్చుంది.

దారిలో అడిగింది. "మా, ఆయమ్మకు బలం ఉండాదని అందరికీ తెలిసినాక ఏమైతాది?"

"ఏమైతాది? అందరూ సంబరపడతారు. సూళ్లేదా, సప్పట్లు కొట్టినారు గదా" అన్నాను.

ఇది పిండి లెక్క కాదు కానీ రాస్తున్నాను. మా వంటింటి మూల నల్లరాతి రోలు ఉంది. ఇద్దరు మగవాళ్లు మోసుకొచ్చి పెట్టింది. ప్రతి శుక్రవారం వేణి దాన్ని ఎడమచేత్తో పక్కకు వాల్చి, కుడిచేత్తో కింద చిమ్ముతుంది. పన్నెండో ఏట నుంచి చేస్తోంది. నేను చూసీ చూడనట్టు ఉంటాను. ఆయనకు చెప్పలేదు. రోలు కింద బొద్దింకలు చేరవు, అంతే.

మార్చి 9. మంగళవారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

మా బండల దొడ్డి ఇంటి వెనకే. పదిన్నరకు ఎద్దులబండి మీది నుంచి ఆరడుగుల నాపరాయి జారి ఏసేపు పాదం మీద పడింది. ఏసేపు మా దగ్గర పన్నెండేళ్లుగా రాళ్లు చీలుస్తున్నాడు. అతని భార్య కృపమణి కూడా ఇక్కడే రాతిముక్కలు గంపలకెత్తుతుంది. మగవాళ్లు పలుగుల కోసం పరిగెత్తారు. మజ్జిగ తెచ్చిన వేణి చెంబు కింద పెట్టి, పోయి, బండ అంచు పట్టి మోకాలి ఎత్తుకు లేపింది. ఒక్కతే.

"కాలు తీసుకో ఏసేపన్నా" అంది, మామూలుగా.

అతను కాలు లాక్కున్నాడు. పిల్ల బండను మెల్లగా దించింది, అంచు కూడా పగలకుండా. అది నలుగురు మోసే బండ.

కృపమణి వేణి కాళ్ల మీద పడి, "ప్రభువే పంపినాడు పాపను, ప్రభువే పంపినాడు" అని ఏడ్చింది. వేణి చెంబులోకి తొంగి చూసింది, మజ్జిగ ఒలికిందేమోనని.

ఏసేపుకు రెండు వేళ్లు నలిగాయి. పాదం నిలిచింది.

ఆయన రాగానే చెప్పాను. "ఎంతమంది సూసినారు?" అని అడిగారు. ఏడుగురని చెప్పాను. ఏడుగురికీ చెప్పు, బయట అనొద్దని, అన్నారు. చెప్పాను.

మార్చి 10

ఊరంతా తెలిసింది.

ఏప్రిల్ 4. ఆదివారం, ఉగాది

ఆంజనేయస్వామి గుడి ముందు ఇసుకలో ఒక రాతిగుండు ఉంటుంది. గనిలో పనికి పోయే కుర్రవాళ్లు ఉగాది నాడు దాన్ని భుజానికెత్తి వెనక్కి వేయాలి. వేసినవాడికి మరునాటి నుంచి మగకూలి. వేయలేనివాడికి ఇంకో ఏడాది పిల్లకూలి. నేను కాపురానికి వచ్చినప్పటి నుంచీ చూస్తున్నాను.

ఈసారి ముగ్గురు పట్టారు. ఎవరికీ మోకాలు దాటలేదు. మూడోవాడు చిన్న ఈరన్న, మేస్త్రీ కొడుకు. జనం నవ్వేసరికి వాడికి రోషం వచ్చింది. ఆడవాళ్ల వైపు తిరిగి, "బండ లేపినాదంట గదా ఆ యమ్మి! దీన్నీ లేపమనండి, సూస్తాం" అన్నాడు.

"వద్దు వేణీ" అన్నాను. అన్నాననే అనుకుంటున్నాను.

పిల్ల ఓణీ నడుముకు బిగించి ఇసుకలోకి పోయింది. మోకాలు, తొడ, రొమ్ము, భుజం. వెనక్కి వేసింది. ఇసుక లేచి దగ్గరున్నవాళ్ల కొత్త పంచెల మీద పడింది.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. వేణి అక్కడే నిలబడింది. ఎందుకు నిలబడిందో నాకు తెలుసు. ఒక్కొక్కరి ముఖం చూస్తూ వచ్చి, చివరికి నా వైపు చూసింది. నా చేతిలో వేపపూత పొట్లం ఉంది. రెండు చేతులతో పట్టుకుని ఉన్నాను.

ఇంట్లో భక్ష్యాలు ఆరు తిన్నది.

ఏప్రిల్ 6

పెద్దలు వచ్చారు. పెద్దన్న అనే ముసలాయన మా ఆయనతో మాట్లాడాడు. "రామకృష్ణప్పా, తప్పు పట్టొద్దు. ఆడపిల్ల ఎత్తిన గుండును మేమెత్తం అంటాండారు పిల్లోల్లు. ఎత్తితే నవ్వుతారు, ఎత్తకపోతే ఇంకా నవ్వుతారు. ఏం చేద్దామప్పా?"

ఆయన తల వంచుకుని, మా గని నుంచి కొత్త గుండు ఇస్తామన్నారు. పాతదాన్ని నీళ్లు నిలిచిన పాతగనిలోకి దొర్లించారు. వేణి దొడ్డిగోడ మీద నుంచి చూసింది.

"రాయి ఏం చేసినాది మా?" అని అడిగింది.

ఏప్రిల్ 10. శనివారం

రాజంపేట నుంచి గురమ్మ వదిన వచ్చింది. ఆయన అక్క. సంబంధం తెచ్చింది. అక్కడ ధాన్యం మండీ ఉన్న తిమ్మయ్యగారి కొడుకు. మంచి ఇల్లు. కట్నం మాట ఎత్తలేదట.

సంచి దించకముందే మొదలుపెట్టింది. "ఏమ్మే లక్ష్మీ, డోను స్టేషన్లోనే విన్నా. ఇంట్లో హనుమంతుణ్ణి సాకుతాండావంట."

"నువ్వు కూడానా వదినా."

"ఆ పిల్లోడు సన్నంగా ఉంటాడే. పెండ్లిలో కొంగుముడి ఏసి ఈమె లేసి నిలబడితే, వాడు గాల్లోకి లేస్తాడు." చెప్పి తనే నవ్వింది. నాకూ నవ్వు వచ్చింది, ఆపుకోలేకపోయాను. తర్వాత వదిన నవ్వు మాని దగ్గరికి జరిగింది. "ఎన్ని తింటాది?"

"ఏడు."

"ఇంగేం చెప్పాల. మెల్లంగా తగ్గియ్యి. పనుల్లేనప్పుడు కోడెలకు దాణా తగ్గియ్యమా, అట్ల. పిల్లకు మొక్కు అని చెప్పు. వాళ్లు సూడను వచ్చే యాళకు అందరి పిల్లల మాదిరే ఉంటాది. ఈ సంబంధం పోతే ఇంగ ఎవురొస్తారే? సర్కసోళ్లు వస్తారు."

ఆయనతో అంటే, "ఆడోళ్ల సంగతి మీరే సూసుకోండి" అన్నారు.

ఏప్రిల్ 11

ఆలోచించి రాసుకున్నాను. రెండు వారాలు ఆరు రొట్టెలు. తర్వాత రెండు వారాలు అయిదు. తర్వాత మూడు. అన్నం కూడా ఒక గరిటె తక్కువ, నెయ్యి లేదు. ఒక్కసారిగా తగ్గిస్తే పిల్లకు నీరసం వస్తుంది. నేను జాగ్రత్తగా చేస్తాను. వేసవిలో ఒంట్లో వేడి కూడా తగ్గుతుంది. మంచిదే.

వేణితో, నీ పేరు మీద మద్దిలేటిస్వామికి మొక్కుకున్నాను, పెండ్లి దాకా మితంగా తినాలి అని చెప్పాను.

"మొక్కు నీది, ఆకలి నాదా?" అని నవ్వింది. "సరే మా. మధ్యలో తప్పితే?"

"తప్పగూడదు. స్వామికి కోపమొస్తాది."

మొక్కంటే అలాగే చెబుతారు ఎవరైనా.

ఏప్రిల్ 12. సోమవారం

ఆరు. పిండి తగ్గించలేదు, తగ్గిస్తే ఆయన అడుగుతారు. మిగిలిన రొట్టె వెనక తలుపు దగ్గర కృపమణి కొంగులో వేశాను. దానికి ఇద్దరు చిన్నపిల్లలు. పుణ్యం కూడా.

ఏప్రిల్ 16. శుక్రవారం

రోలు ఎడమచేత్తోనే.

ఏప్రిల్ 26

అయిదు. పళ్లెం ముందు కాసేపు కూర్చుని లేచింది. చెప్పిన మాట వినే పిల్ల. రొట్టెలు రెండు కృపమణికి.

మే 7. శుక్రవారం

రోలు ఎడమచేత్తోనే. నాలుగు వారాలైంది. నాకు అర్థం కావడం లేదు. పిల్ల ముఖం కూడా తగ్గలేదు. లెక్కలో తప్పు ఎక్కడుందో చూశాను. లేదు.

వదిన ఉత్తరం రాసింది. జూన్‌లో చూడడానికి వస్తారట.

మే 12. బుధవారం

తప్పు దొరికింది.

సోమవారం నుంచి మూడే పెడుతున్నాను, మిగిలిన నాలుగు కృపమణికి. ఈ పొద్దున ఇచ్చి పది నిమిషాల తర్వాత పిండి జల్లెడ కోసం దొడ్డివైపు పోయాను. నిలబెట్టిన బండల వెనక నీడలో ఇద్దరూ కూర్చుని ఉన్నారు. వేణి తింటోంది. మా రొట్టెలు. కృపమణి తన కొంగు పట్టి ఉంది, విస్తరాకులాగా.

"నేను నీ పిల్లోల్లకు ఇచ్చినవి గదా ఇవి?" అన్నాను.

కృపమణి లేచి నిలబడింది. "నా పిల్లోల్లకు సంగటి ఉండాదమ్మా. పాపకు ఆకలైతాంది. ముప్పై దినాల్నుంచి సూస్తాండా. మా ఇంటాయప్ప రెండు కాళ్ల మీద నడుస్తాండాడంటే పాప వల్లనే గదమ్మా."

"ఆయమ్మ తప్పు లేదు మా, నేనే అడిగినా" అంది వేణి. అడగలేదు. దానికి అబద్ధం చెప్పేటప్పుడు చెవి ముట్టుకునే అలవాటు ఉంది.

నేను వేణిని చేయి పట్టి లోపలికి తీసుకొచ్చాను. తేలిగ్గానే వచ్చింది. రాకూడదనుకుంటే నా వల్ల అయ్యేది కాదు. అది తలుచుకుంటే ఇప్పటికీ ఏదోలా ఉంది.

వాళ్ల చేతి నుంచి తిన్నదని వదినకు తెలిస్తే సంబంధం మాట ఎత్తదు. "మొక్కు తప్పినావు" అన్నాను. కోపంలో అన్నాను.

"స్వామికి తెలుస్తాదా మా?"

"తెలుస్తాది."

ఈ రోజు నుంచి మిగిలినవి గేదె తొట్టిలో.

మే 14

కృపమణి వెనక తలుపు దగ్గరికి వచ్చి నిలబడి, వెళ్లిపోయింది. కొంగు పట్టలేదు.

మే 28. శుక్రవారం

రోలు రెండు చేతులతో.

జూన్ 4. శుక్రవారం

రెండు చేతులతో, మోకాలు ఆనించి. మధ్యలో ఆగి ఊపిరి తీసుకుంది. నన్ను చూసి నవ్వింది. "ఎండకు మా" అంది.

జూన్ 11

రోలు చుట్టూ చిమ్మింది. కింద చిమ్మలేదు.

జూన్ 13. ఆదివారం

తిమ్మయ్యగారు, ఆయన భార్య, పిల్లవాడు వచ్చారు. వేణికి నా గద్వాల చీర కట్టాను. జాకెట్టు రెండువైపులా కుట్టు వేసి బిగించాల్సి వచ్చింది. పళ్లెంలో కాఫీ గ్లాసులు తెచ్చేటప్పుడు చేతులు కొంచెం వణికాయి. అది చూసి తిమ్మయ్యగారి భార్య ముచ్చటపడింది. "ఎంత నెమ్మదో! ఏందేందో చెప్పుకుంటాండారు మాకాడ, బండలు ఎత్తుతాదని, గుండ్లు ఎత్తుతాదని. ఈ గ్లాసులే ఎత్తలేకుండా ఉండాదే పాపం!"

అందరూ నవ్వారు. వదిన అందరికంటే గట్టిగా నవ్వింది. వేణి కూడా నవ్వింది, ఎందుకో తెలియకపోయినా.

పిల్లవాడు మంచివాడే. వేణి గ్లాసు అందిస్తే రెండు చేతులతో తీసుకున్నాడు.

శ్రావణంలో, ఆగస్టు పదకొండు బుధవారం ముహూర్తం.

నేను చేసింది మంచికే అయింది. సంబంధం కుదిరింది. ఇదీ రాసి పెట్టుకుంటున్నాను.

జూన్ 25

వేణికి బయట చేరడం ఈ నెల లేదు. ఎండలకు ఒక్కోసారి అలా ఉంటుంది.

జులై 2

పెండ్లి కుదిరింది కదా, ఇక రొట్టెలు పెంచవచ్చా అని వదినకు రాశాను. పుస్తె పడేదాకా వద్దని జవాబు. ఇంక ఆరు వారాలే.

జులై 6. మంగళవారం

రాయలేను.

జులై 7

నిన్నటిది రాస్తాను.

మగవాళ్లంతా స్టేషనుకు పోయారు, బోగీలో బండలు నింపడానికి. దొడ్డిలో ఆడవాళ్లం నలుగురమే. గాలి విపరీతంగా ఉంది. గోడకు ఆనించిన బండల కింద అడ్డం పెట్టిన రాయి పక్కకు పోయింది. ఎవరు తీశారో, దానికదే జారిందో తెలియదు. మూడు బండలు ఒకదాని మీద ఒకటిగా కృపమణి కాళ్ల మీదికి వచ్చాయి. ఎడమకాలు పూర్తిగా కింద ఉంది.

గడియారం చూశాను. పదకొండు ఇరవై. ఎందుకు చూశానో తెలియదు.

వేణి ఇంట్లో నుంచి పరిగెత్తుకొచ్చింది. ఓణీ బిగించింది. వంగి అంచు కింద చేతులు పెట్టింది. అప్పటిలాగే మామూలుగా, "కాలు తీసుకో కృపమ్మా" అంది.

ముందే అంది. బండ లేవకముందే.

కృపమణి కాలు తీసుకోవడానికి నడుము ఎత్తింది కూడా. పిల్ల మాట మీద అంత నమ్మకం.

లేవలేదు. వేణి చేతులు తీసి అరచేతులు చూసుకుంది. తుడుచుకుని మళ్లీ పెట్టింది. మళ్లీ. మూడోసారికి రెండు గోళ్లు ఊడి రక్తం వచ్చింది. అప్పుడు నా వైపు తిరిగింది.

"మా, నాకేమైంది?" అని అడిగింది.

నేను పోయి పక్కన వంగి చేతులు పెట్టాను. నలుగురం కలిసి ఎత్తాం. వేలి మందం కదిలి మళ్లీ కూర్చుంది. అప్పుడు కృపమణి అరిచింది. ఇక ఎత్తొద్దమ్మా, ఎత్తొద్దు అని అరిచింది.

మగవాళ్లు వచ్చేసరికి పన్నెండు పది.

బండల లారీలోనే కర్నూలు పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. ఏసేపు కుంటుతూ లారీ వెనక పరిగెత్తాడు, ఎక్కించుకునేదాకా.

వేణికి ఏడు రొట్టెలు చేసి పెట్టాను. మూడు తిన్నది.

జులై 8

ఏడు చేశాను. మూడు తిన్నది.

జులై 11. ఆదివారం

కృపమణి కాలు మోకాలి కింద తీసేశారట. ఆయన కర్నూలు వెళ్లి చూసి వచ్చారు. "బతికింది, అది చాలు" అన్నారు. భోంచేయకుండా లేచారు.

జులై 12

ఏడు చేశాను. మూడు.

జులై 18. ఆదివారం

పాలు, నెయ్యి, బెల్లం, ఏది పెట్టినా వేణి ముట్టుకోవడం లేదు. ఈ రోజు పళ్లెం ముందు కూర్చోబెట్టి, "తిను తల్లీ, మొక్కు సంగతి నేను సూసుకుంటా" అన్నాను.

పిల్ల చిన్నగా చెప్పింది. "నాకు తెలుసు మా, ఎందుకు లేవలేదో. మొక్కులో ఉండి దొంగతనంగా తిన్నా గదా. స్వామి నా బలం తీసుకున్నాడు. తినిపించినందుకు కృపమ్మ కాలు తీసుకున్నాడు. నన్ను ఒక్కదాన్ని ఏమన్నా చేసుంటే బాగుండు. ఆయమ్మను ఎందుకు చేసినాడు?"

"అట్ల కాదు..." అన్నాను.

"మళ్లా తప్పితే ఎవురి మీద పడతాదో. నాన్న మీద పడితే? నువ్వు పెట్టొద్దు మా. పెండ్లి దాకానే గదా."

నాలుగు రొట్టెలు తీసి పక్కన పెట్టింది. లెక్కబెట్టి.

రేపు చెబుతాను.

జులై 19

ఆయన ఇంట్లో ఉన్నారు. కుదరలేదు.

జులై 21

రేపు తప్పకుండా.

జులై 28. బుధవారం

లెక్క వేశాను. ఏప్రిల్ పన్నెండు నుంచి పద్నాలుగు రోజులు, రోజుకు ఒకటి, పద్నాలుగు. ఆ తర్వాత పద్నాలుగు రోజులు, రెండు చొప్పున, ఇరవై ఎనిమిది. మే పది నుంచి జులై ఆరు దాకా యాభై ఎనిమిది రోజులు, నాలుగు చొప్పున, రెండు వందల ముప్పై రెండు. మొత్తం రెండు వందల డెబ్భై నాలుగు.

కృపమణి తిరిగి పెట్టినవి అందులో తీసేయాలి. అన్నీ పెట్టే ఉంటుంది. యాభై.

నిలవ రెండు వందల ఇరవై నాలుగు.

రెండుసార్లు కూడి చూశాను.

ఆగస్టు 3. మంగళవారం

కృపమణి ఆసుపత్రి నుంచి తన ఇంటికి వచ్చింది. రొట్టెలు కట్టుకుని పోయాను. ఇన్నేళ్లలో వాళ్ల ఇంటికి నేను పోవడం ఇదే. గుమ్మం దగ్గర ఎక్కడ నిలబడాలో తెలియలేదు. ఏసేపు నులకమంచం దులిపి వేశాడు. కూర్చున్నాను.

కృపమణి ఇంకో మంచం మీద గోడకు ఆనుకుని ఉంది. మోకాలి మీద దుప్పటి కప్పి ఉంది, దాని కింద మంచం చదునుగా ఉంది. ముందు వేణిని అడిగింది.

"పాప తింటాందా అమ్మా?"

"లేదు" అన్నాను. "మొక్కు తప్పినందుకే నీకిట్ల అయిందనుకుంటాంది."

కృపమణి దుప్పటి అంచు సర్దుకుంది. తర్వాత, "మొక్కు లేదు గదమ్మా" అంది. అడగలేదు. నాకు చెప్పింది.

నేను తల ఊపాను.

"నాకు అప్పుడే తెలుసు. మీరు నా కొంగులో ఒక్కో రొట్టె ఎక్కువ ఏస్తాంటే, నేను పెట్టేది మానినాక పాపకు ఒక్కో ఎముక బయటపడతాంటే, తెలీదా? నేను పాపకు చెప్పలేదు. చెప్పను. అమ్మ మీద మనసు ఇరిగిపోతాది. మీరే చెప్పండమ్మా. పిల్ల ఆ బరువు పెట్టుకుని అత్తారింటికి పోగూడదు. బండ కన్నా బరువమ్మా అది."

లేస్తుంటే రొట్టెల మూట విప్పి, సగం తీసుకుని, సగం నా చేతిలో పెట్టింది. "పాపకు" అంది.

ఆగస్టు 8. ఆదివారం

చెప్పాను.

పసుపు కొట్టడానికి రోలు కడుగుతోంది వేణి. ఎవరూ లేరు. పక్కన కూర్చుని అంతా చెప్పాను. మొక్కు లేదు, స్వామి లేడు, వదిన చెప్పింది, నేను చేశాను, నీ బలం నేనే తీశాను, రొట్టెలు తగ్గించి. గేదె తొట్టిలో వేశాను. అన్నీ చెప్పాను. ఏదీ దాచలేదు.

పిల్ల తడిచేయి నా మోకాలి మీద పెట్టింది.

"నేను బాధపడతాండానని చెప్తాండావు" అంది. "నువ్వట్ల చేస్తావా మా? నాకు జరమొస్తే పది దినాలు పక్క దిగనిదానివి."

"నిజం వేణీ. నీ మీద ఒట్టు."

"ఒట్టెయ్యొద్దు మా. నా కోసం అబద్ధానికి ఒట్టేస్తే అది మళ్లా నీ మీద పడతాది." నా నోటి మీద చేయి పెట్టింది. పసుపు కొమ్ముల వాసన. తర్వాత కాసేపు రోలు అంచు తుడుస్తూ కూర్చుని, "ఆ సినిమాలో ఆయమ్మకు పెండ్లయినాక బలం ఉంటాదా, పోతాదా? సూపియ్యలేదు గదా?" అంది.

రోలు పందిట్లోకి చేర్చడానికి ఇద్దరు మనుషులు వచ్చారు. వేణి లేచి వాళ్లకు దారి ఇచ్చింది.

ఆగస్టు 10

నోటితో చెబితే నమ్మలేదు. ఇది చదివితే నమ్ముతుంది. తేదీలు ఉన్నాయి, లెక్క ఉంది. వేణి ఎనిమిదో తరగతి దాకా చదివింది, నా రాత దానికి తెలుసు. ఈ పుస్తకం దాని పెట్టెలో, చీరల అడుగున పెడుతున్నాను. రాజంపేటలో పెట్టె సర్దుకునేటప్పుడు దొరుకుతుంది. నన్ను ఏమన్నా అనుకోనీ.

వేణీ, మార్చి రెండు నుంచి చదువు. ఏదీ వదలకుండా చదువు.

ఆగస్టు 13. శుక్రవారం

నిన్న పన్నెండు గంటల బండికి పంపాం. కృపమణి ఏసేపు వీపు మీద స్టేషనుకు వచ్చింది. వేణి వంగి దాని కాలికి దణ్ణం పెట్టింది. అందరి ముందూ. గురమ్మ వదిన ముఖం తిప్పుకుంది. కృపమణి నన్ను చూసింది, చెప్పారా అన్నట్టు. నేను తల ఊపాను. అది అబద్ధం కాదు.

బండి కూత వేశాక వేణి కిటికీలో నుంచి పిలిచింది. "మా! మా! ఇదిగో, నీ పిండి లెక్కల పుస్తకం నా పెట్టెలో పడింది. పొద్దున చీర తీస్తాంటే కనపడింది. ఇది లేకపోతే నీకు దినం గడవదు గదా." నవ్వుతూ నా చేతిలో పెట్టింది. బండి కదిలింది. అందుకుని మళ్లీ ఇవ్వబోయాను. చేయి అందలేదు.

ఈ రోజు శుక్రవారం. రోలును మనుషులు మళ్లీ వంటింటి మూలన పెట్టి పోయారు. కింద చిమ్మాలి. రెండు చేతులతో పట్టాను, మోకాలు ఆనించాను. కదల్లేదు.

ఆయనకు నాలుగు, నాకు మూడు. పిండి అలవాటున కలిపేశాను. ఏడు మిగిలాయి.